సువార్తల పుట్టుక, పాఠభేదాలు: తెలుగులో సాగుతున్న చర్చపై ఒక పరిశీలన

క్రైస్తవుల కొత్త నిబంధన ఎలా పుట్టింది, దాన్ని ఎవరు వ్రాశారు, వ్రాసినది వ్రాసినట్లే నేటి దాకా వచ్చిందా అన్న ప్రశ్నలు ఐరోపా విద్వాంసుల మధ్య మూడు వందల ఏళ్ళకు పైగా నలుగుతున్నాయి. అవి కర్నూలు, కడప ప్రాంతాలకు చేరిన దారి మాత్రం వేరు. ఇక్కడికి అవి పరిశోధనగా రాలేదు, వాదంగా వచ్చాయి. ఉర్దూ నుంచి, ఇంగ్లీషు నుంచి తెలుగు చేసిన చిన్న పుస్తకాలు, ఒకప్పుడు ఉపన్యాసాల క్యాసెట్లు, నేడు చేతి ఫోన్లలో తిరిగే వీడియోలు వాటిని మోసుకొచ్చాయి. ఫలితంగా “బైబిలు మారిపోయింది” అన్న మాట ముస్లిం యువకుల నోట తేలికగా వస్తున్నది. “మా గ్రంథానికి అయిదు వేలకు మించిన ప్రాచీన ప్రతులున్నాయి, ఒక్క పొల్లు కూడా పోలేదు” అన్న జవాబు అవతలివారి నోట అంతే సిద్ధంగా ఉంటున్నది. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంతవరకో కొలిచి చూసినవారు రెండు వైపులా తక్కువ.

అవతలివారి జవాబును సరిదిద్దడం వారి పండితుల పని. ఇక్కడ పరిశీలించదలచినది ముస్లింల పక్షాన తెలుగులో వినబడే వాదనలను మాత్రమే. అందుకు ఒక్క పరీక్ష చాలు. ఎదుటివారి గ్రంథం మీద ప్రయోగిస్తున్న వాదాన్ని, అదే రూపంలో తన గ్రంథం మీద ప్రయోగిస్తే ముస్లిం అంగీకరించగలడా? ఒక జాతి మీది ద్వేషం న్యాయాన్ని తప్పించకూడదని మాయిదా సూరా ఎనిమిదో ఆయత్ ఆదేశిస్తున్నది. ఆ ఆదేశం కోర్టు సాక్ష్యానికి ఎంత వర్తిస్తుందో గ్రంథవిమర్శకూ అంతే వర్తిస్తుంది.

అందరికీ తెలిసిన ఉదాహరణతో మొదలుపెట్టవచ్చు. యోహాను మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అనే ముగ్గురు పరలోక సాక్షులనూ వారి ఏకత్వాన్నీ చెప్పే వాక్యం ఒకటి పాత ఇంగ్లీషు బైబిల్లో ఉంది. త్రిత్వ సిద్ధాంతానికి ఇంత సూటి వాక్యం కొత్త నిబంధనలో మరొకటి లేదు. అయితే ఇది ప్రాచీన గ్రీకు ప్రతుల్లో కనబడదు. లాటిన్ సంప్రదాయం నుంచి వచ్చి చేరింది. ఎరాస్మస్ 1516లోనూ 1519లోనూ అచ్చువేసిన గ్రీకు పాఠంలో దీనికి చోటివ్వలేదు. ఆ మీదట విమర్శలు చెలరేగగా 1522 నాటి మూడో ముద్రణలో చేర్చాడు. ఆ పరంపరలోనే అది 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో నిలిచింది.

1854 ఏప్రిల్ 10, 11 తేదీల్లో ఆగ్రాలో మౌలానా రహ్మతుల్లా కైరానవీకీ జర్మన్ మిషనరీ ఫాండర్‌కూ జరిగిన వాదంలో ఇటువంటి పాఠాలే చర్చకు వచ్చాయి. మౌలానాకు తోడుగా నిలిచిన డాక్టర్ వజీర్ ఖాన్ వైద్యం చదవడానికి ఇంగ్లండు వెళ్ళి, వస్తూ వస్తూ క్రైస్తవ విద్వాంసులే వ్రాసిన విమర్శగ్రంథాలు తెచ్చుకున్నాడు. ఫాండర్ ఆ పుస్తకాలు ముస్లింల చేతిలో ఉంటాయని ఊహించినట్లు లేదు. కొన్ని చోట్ల పాఠం మారిన మాట నిజమేనని సభలోనే ఒప్పుకోవలసి వచ్చింది. మౌలానా 1864లో ఇస్తాంబులులో వ్రాసిన ‘ఇజ్హారుల్ హఖ్’ ఆ వాదానికి విస్తృత రూపం. తన కాలానికి ఆయన చేసినది గొప్ప పని. ఎదుటివారి పండితులను చదివి, ఎదుటివారి ముద్రిత గ్రంథాన్ని ముందు పెట్టుకుని మాట్లాడాడు.

అది 1854 నాటి సంగతి. 1881లో వెలువడిన ఇంగ్లీషు సవరణ బైబిలు ఆ వాక్యాన్ని వదిలివేసింది. మరి తెలుగులో? రాయలసీమ క్రైస్తవుల ఇళ్ళలో కనబడే బైబిలు సొసైటీ వారి ‘పరిశుద్ధ గ్రంథము’ తెరిచి ఆ అధ్యాయం చూస్తే పరలోక సాక్షుల వాక్యమే అక్కడ లేదు. ఆత్మ, నీళ్ళు, రక్తం అన్న మూడు సాక్ష్యాలే ఉన్నాయి. ఈ సంగతి చూడకుండా, జమ్మలమడుగు వైపు పల్లెలో ఒక క్రైస్తవ కూలీ ఎదుట కూర్చుని “నీ పుస్తకంలో ఫలానా వాక్యం కల్పితం” అంటే, అతడు పుస్తకం తెరిచి “ఆ వాక్యం ఇక్కడ లేదే అన్నా” అంటాడు. అంతటితో వాదం ముగుస్తుంది. మిగిలిన మాటల్లో నిజమున్నా అతడు ఇక వినడు. దక్షిణాఫ్రికాకు చెందిన అహ్మద్ దీదాత్ (1918–2005) కొత్త ఇంగ్లీషు బైబిళ్ళు దీన్ని తొలగించాయని చెప్పి మరీ వాదించాడు. ఆయన మాటను తెలుగులో అప్పు తెచ్చుకున్నవారిలో కొందరు ఆ సగాన్ని దారిలో జారవిడిచారు. వాదాన్ని అనువదించినవారు, ఆ వాదం ఏ పుస్తకం మీద నిలబడి ఉందో ఆ పుస్తకం తెలుగులో ఎలా ఉందో చూడకపోవడం అనువాద ధర్మానికే లోపం.

నిజానికి చర్చకు తగిన చోట్లు వేరే ఉన్నాయి. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు నాలుగో శతాబ్దికి చెందిన రెండు గొప్ప ప్రతుల్లో, అంటే వాటికన్ ప్రతిలోనూ సీనాయి ప్రతిలోనూ, లేవు. అక్కడ సువార్త సమాధి నుంచి భయపడి పారిపోయిన స్త్రీల మౌనంతో ఆగిపోతుంది. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, యోహాను సువార్తలోని మరో పన్నెండు వచనాలు, అదీ ఆ ప్రతుల్లో లేదు. ఈ రెండు భాగాలూ తెలుగు బైబిల్లో ఉన్నాయి. క్రైస్తవ విద్వాంసులు వీటిని గురించి దాపరికం లేకుండా వ్రాస్తూనే ఉన్నారు.

ఇక పాఠభేదాల లెక్క. జాన్ మిల్ అనే ఆక్స్‌ఫర్డ్ పండితుడు 1707లోనే ముప్పై వేల పాఠభేదాలను చూపించాడు. నేటి అంచనాలు లక్షల్లో ఉన్నాయి. గ్రీకు కొత్త నిబంధనలోని మొత్తం మాటలు లక్షా నలభై వేలకు లోపే కనుక, మాటల కంటే భేదాలే ఎక్కువన్న వాక్యం వినడానికి పిడుగులా ఉంటుంది. ఉపన్యాసకులకు ఇది ప్రియమైన వాక్యం. కానీ అందులో అత్యధిక భాగం అక్షరదోషాలు, పదాల వరుస మారడాలు, ఒక ప్రతిలో ఉండి మరొక ప్రతిలో లేని చిన్న అవ్యయాలు. ప్రతులు ఎక్కువైన కొద్దీ భేదాల లెక్క పెరుగుతుంది. ఒక్క ప్రతి మాత్రమే మిగిలిన గ్రంథానికి పాఠభేదం ఒక్కటీ ఉండదు. అంతమాత్రాన అది శుద్ధమైనదని అనగలమా?

ఒక చిన్న ఉదాహరణ చాలు. మార్కు సువార్త అయిదో అధ్యాయంలో హజ్రత్ ఈసా (అ) ఒక బాలికను లేపుతూ పలికిన అరమాయిక్ మాటలు గ్రీకు రచయిత అలాగే ఉంచి, పక్కన అర్థం చెప్పాడు. తెలుగు బైబిలు కూడా ‘తలీతాకుమీ’ అని ఆ ధ్వనినే నిలుపుకుంది. మదరసాలో రెండు నెలలు సర్ఫ్ చదివిన పిల్లవాడికైనా ఆ ‘కుమీ’ అరబీ ‘ఖూమీ’ అని, స్త్రీని లెమ్మని చెప్పే క్రియ అని చెవికి తట్టుతుంది. పాత గ్రీకు ప్రతులు కొన్ని ఇక్కడ ‘కుమ్’ అనీ, మరికొన్ని ‘కుమీ’ అనీ చదువుతాయి. మాటల్లో చివరి అచ్చు మింగుడుపడినప్పటి ఉచ్చారణ ఒకటి, వ్యాకరణం ప్రకారం వ్రాసినది ఒకటి. లక్షల లెక్కలో ఇదీ ఒకటి. దీన్ని ‘మార్చడం’ అని పిలిస్తే, ఫాతిహా సూరాలో ఒక ఖారీ ‘మాలికి’ అనీ మరొక ఖారీ ‘మలికి’ అనీ పఠించడాన్ని ఏమనాలి? హఫ్స్ పఠనం అలవాటైన మన ప్రాంతపువారికి మొరాకోలో వర్ష్ పఠనం వినబడినప్పుడు కలిగే ఆశ్చర్యం ఇటువంటిదే. ఖుర్ఆన్ పఠనాలు గురుపరంపరగా, సామూహిక కంఠస్థంతో వచ్చినవి. సువార్తల ప్రతులు లేఖకుల చేతిమీదుగా వచ్చినవి. ఈ తేడా చాలా పెద్దది, దాన్ని గట్టిగా చెప్పవలసిందే. కానీ ఆ తేడాను చరిత్రగా చూపించాలి. “భేదం ఉంది కనుక కల్తీ” అన్న ఒక్క ముక్కతో అది తేలదు.

ఈ విషయం కడపవారికి విదేశీ ఉదాహరణలతో చెప్పవలసిన అవసరం లేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి, తన బంగళాలోనే పండితులను జీతాలకు పెట్టుకుని, దేశమంతటా తాళపత్రాలు సేకరించి పాఠాలు సరిచూడడం ప్రారంభించాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ ఏర్పాట్లు చూసేవాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని చదివేవారు. బ్రౌన్ కలకత్తాలోని ఒక మతగురువు కొడుకు, తెలుగు బైబిలు పనిలోనూ అతడి చేయి ఉంది. గ్రీకు, లాటిన్ గ్రంథాల పరిష్కరణకు ఐరోపాలో వాడిన పద్ధతినే అతడు వేమన పద్యాలకూ వాడాడు. నేడు ఆ బంగళా ఉన్న చోటనే అతడి పేరిట గ్రంథాలయం, భాషాపరిశోధన కేంద్రం ఉన్నాయి.

వేమన విషయంలో జరిగినది చూడండి. బ్రౌన్ 1829లో ప్రకటించిన సంపుటంలో 693 పద్యాలున్నాయి. పదేళ్ళు తిరిగేసరికి, 1839లో, 1,164 అయ్యాయి. వేమన మళ్ళీ పుట్టి వ్రాయలేదు. కొత్త ప్రతులు దొరికాయి. నేడు ఆయన పేరు మీద చలామణిలో ఉన్న పద్యాలు వేలల్లో ఉన్నాయి. మకుటం తగిలిస్తే చాలు, ఏ ఊరి కవి పద్యమైనా వేమన పద్యమైపోతుంది. అలా తగిలించిన వారంతా దగాకోరులు కారు. గురువు మాట ఇదే అయి ఉంటుందన్న నమ్మకంతో, ఆయన పేరు మీద భక్తితో కట్టినవారే ఎక్కువ. పౌలు పేరిట ఉన్న పదమూడు పత్రికల్లో ఏడింటిని మాత్రమే నిస్సందేహంగా అతడివని విద్వాంసులు అంగీకరించడం, మిగిలినవాటి మీద చర్చ సాగడం, ఈ వెలుగులో చూస్తే సులభంగా బోధపడుతుంది. కల్పిత పద్యాలున్నాయని వేమన లేడని ఎవరూ అనరు. వేమన ఉన్నాడు కనుక అన్ని పద్యాలూ ఆయనవేనని కూడా చదువుకున్నవారెవరూ అనరు. సువార్తల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇరుపక్షాలవారూ ఈ మధ్యస్థ మార్గాన్ని మరచిపోతున్నారు.

‘తహ్రీఫ్’ అన్న మాటను ముస్లిం పండితులు ఎన్నడూ ఒకే అర్థంలో వాడలేదు. ఇబ్నె హజ్మ్ (మరణం 1064) గ్రంథపాఠమే చెడిందని తీవ్రంగా వాదించాడు. ఇమామ్ రాజీ తన వ్యాఖ్యానంలో అర్థాన్ని వంకరగా చెప్పడమన్న వివరణకు పెద్దపీట వేశాడు. దైవగ్రంథపు పదాన్ని తుడిచివేయగలవాడెవడూ లేడనీ, వారు చేసినది తప్పుడు భాష్యమనీ చెప్పే మాట ఇమామ్ బుఖారీ సంకలనంలోని తౌహీద్ ప్రకరణంలోనే ఉంది. ఢిల్లీకి చెందిన షాహ్ వలీయుల్లా (1703–1762) ‘అల్ ఫౌజుల్ కబీర్’లో మరింత సూక్ష్మంగా, తౌరాత్ విషయంలో పదాల తహ్రీఫ్ అనువాదంలో జరిగిందే గాని మూలంలో కాదని, ఇబ్నె అబ్బాస్ అభిప్రాయమూ ఇదేనని వ్రాశారు. అనువాదంలో! అనువాదాల మీదే బతికే తెలుగు పాఠకుడు ఆలోచించదగ్గ మాట ఇది. తెలుగు వాదసాహిత్యంలో మాత్రం ఇబ్నె హజ్మ్ గొంతు ఒక్కటే వినబడుతుంది. అదీ ఆయన పేరు లేకుండా.

సువార్తల పుట్టుకను గురించి అతి ప్రాచీనమైన సమాచారం కూడా అనువాదం గురించే కావడం గమనార్హం. రెండో శతాబ్ది పూర్వార్ధంలో పాపియాస్ అనే మతాధికారి వ్రాసిన గ్రంథం పోయింది, కానీ దానిలోని కొన్ని ముక్కలను నాలుగో శతాబ్ది చరిత్రకారుడు యుసేబియస్ ఎత్తి వ్రాసుకున్నాడు. వాటి ప్రకారం మార్కు అనేవాడు పేతురుకు దుభాషి. గుర్తున్నంతవరకు జాగ్రత్తగా వ్రాశాడు గాని వరుసక్రమంలో కాదు. మత్తయి హెబ్రీ భాషలో ప్రవచనాలు కూర్చితే, ఎవరికి చేతనైనట్లు వారు వాటిని అనువదించుకున్నారు. కంపెనీ దొరల కచేరీల్లో దుభాషీల పెత్తనం ఎరిగిన సీమవారికి ఈ సాక్ష్యం బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. దుభాషి అబద్ధాలకోరు కానక్కరలేదు. అయినా దొర ఏమన్నాడో తెలిసేది దుభాషి నోటి నుంచే.

హదీసు శాస్త్రం చదివినవారు ఇక్కడ చెప్పగలిగినది చాలా ఉంది, చెబుతున్నది తక్కువ. నాలుగు సువార్తల్లో ఏ ఒక్కటీ లోపల తన రచయిత పేరు చెప్పదు. నాలుగు పేర్లనూ కలిపి స్పష్టంగా చెప్పిన తొలి వ్యక్తి క్రీ.శ. 180 ప్రాంతపు ఇరేనియస్. లూకా తన పీఠికలో, కళ్ళారా చూసినవారు అప్పగించిన సంగతులను విచారించి కూర్చుతున్నానని అంటాడు గాని ఆ చూసినవారి పేర్లు ఇవ్వడు. ఉల్లేఖకుల పేర్లు లేని ఇటువంటి వార్తను హదీసు పండితుడు అసత్యమని తోసివేయడు, ప్రమాణంగా తలకెత్తుకోడు. పక్కన పెట్టి, ఇతర దారుల్లో బలం చేకూరుతుందేమో చూస్తాడు. మార్కులోని విషయంలో దాదాపు తొంభై శాతం మత్తయిలో మళ్ళీ కనబడడం, చాలా చోట్ల మాటకు మాట సరిపోవడం వల్ల మత్తయి రచయిత మార్కును ముందు పెట్టుకుని వ్రాశాడని ఎక్కువమంది విద్వాంసులు నిర్ణయించారు. హదీసు పరిభాషలో చెప్పాలంటే మూడు దారులనుకున్నవి చాలా చోట్ల ఒకే దారి. ఇది బలమైన విమర్శ, పైగా ముస్లిం తన హదీసుల మీద పన్నెండు వందల ఏళ్ళుగా ప్రయోగిస్తున్న విమర్శ. కాబట్టి న్యాయమైనది.

ఇక్కడే ఒక పదదోషాన్ని ఎత్తి చూపాలి. తెలుగు ఇస్లామీయ రచనల్లో ‘ఇంజీలు’ అన్న మాటను నాలుగు సువార్తలకు పర్యాయపదంగా వాడడం కనబడుతుంది. ఖుర్ఆన్ చెప్పే ఇంజీల్ ఈసా (అ)కు అల్లాహ్ ప్రసాదించిన గ్రంథం. సువార్తలు ఈసా (అ)ను గురించి ఇతరులు వ్రాసిన వృత్తాంతాలు. ముస్లిం పరిభాషలో సీరత్‌కు దగ్గరివి, వహీకి కాదు. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలిచి, తర్వాత రెండూ ఒకటి కాదని నిరూపించడానికి పేజీలు ఖర్చుపెట్టడం వృథా శ్రమ. తెలుగులో ఇరుమతాలవారూ ‘ప్రవక్త’, ‘విశ్వాసి’ వంటి పదాలను ఉమ్మడిగా వాడుకుంటున్నారు. 1928లో నంద్యాల సభలో ఈ సీమకు ‘రాయలసీమ’ అన్న పేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారే ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలి అనువాదకులు కూడా. ఉమ్మడి పదాలు ఉండడం మేలే. కానీ ఎక్కడ వేరు చేయాలో అక్కడ వేరు చేయకపోతే అవే ఉచ్చులవుతాయి.

సువార్తల కాలనిర్ణయం దగ్గర ముస్లిం వాదకులు చేస్తున్న పొరపాటు అన్నిటికంటే లోతైనది. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం యెరూషలేం దేవాలయాన్ని నేలమట్టం చేసింది. మార్కు పదమూడో అధ్యాయంలో ఈసా (అ) ఆ వినాశనాన్ని ముందే చెప్పినట్లు ఉంది. జరిగిన తర్వాతనే జోస్యంగా వ్రాసి ఉంటారు కనుక ఈ సువార్త 70 ప్రాంతంలోనో ఆ తర్వాతనో పుట్టిందని చాలామంది పాశ్చాత్య విమర్శకుల వాదం. ఈ వాదం కడప జిల్లాలో వెంటనే తలకెక్కుతుంది. కందిమల్లాయపల్లెలో సమాధి అయిన పోతులూరి వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం తెలియనివారు ఇక్కడ లేరు. దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా చేసుకున్న ఆ మహనీయుడి పేరు మీద, ప్రతి పెద్ద సంఘటన తర్వాతా ఒక కొత్త చరణం బయటికి వస్తుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ జబ్బు కాలజ్ఞానంలో ముందే ఉందంటూ ఒక పద్యం ఊరూరా తిరిగింది. పాత ప్రతుల్లో అది ఎక్కడుందని అడిగినవారు కొద్దిమందే.

అయితే ఈ పోలికను సువార్త మీదికి తోలే ముస్లిం ఒక్క క్షణం ఆగాలి. విమర్శకుడి వాదంలో మాట్లాడని మెట్టు ఒకటుంది: మనిషి రాబోయేది ముందుగా చెప్పలేడు. ముస్లిం ఈ మెట్టు ఎక్కగలడా? ఖుర్ఆన్‌లో రూమ్ సూరా, పారసీకుల చేతిలో ఓడిన రోమన్లు కొద్ది సంవత్సరాల్లోనే మళ్ళీ గెలుస్తారని తెలిపింది. 614లో యెరూషలేం పారసీకుల వశమైంది. 627 చివర హెరాక్లియస్ నీనెవే దగ్గర పారసీకులను చిత్తు చేశాడు. ఈ ఆయత్‌లు గెలుపు తర్వాత వ్రాసినవని ఎవరైనా అంటే ముస్లిం ఏం జవాబిస్తాడో, మార్కు విషయంలో క్రైస్తవుడు అదే జవాబిస్తాడు. ప్రవక్తలకు భవిష్యత్తు తెలియజేయబడుతుందని నమ్మేవాడు, ఈసా (అ)ను ప్రవక్తగా నమ్మేవాడు, ఆయన నోట భవిష్యవాణి వచ్చిందన్నందుకే ఒక వృత్తాంతాన్ని అనుమానించడం తన విశ్వాసం కొమ్మను తానే నరుక్కోవడం.

ఆ వాదంలో ముస్లిం తీసుకోదగ్గ భాగం లేకపోలేదు. మార్కులో మరుగుగా, దానియేలు గ్రంథపు పదజాలంతో ఉన్న అపవిత్ర వస్తువు ప్రస్తావన, అదే సందర్భంలో లూకా ఇరవై ఒకటో అధ్యాయానికి వచ్చేసరికి సైన్యాలు యెరూషలేమును చుట్టుముట్టడంగా మారింది. ముందు పుస్తకంలోని గూఢమైన మాట తర్వాతి పుస్తకంలో జరిగిన ముట్టడి రూపం దాల్చింది. ఈ పరిశీలనకు భవిష్యవాణి అసాధ్యమన్న మెట్టు అక్కరలేదు. రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి చూడడం చాలు. కడప బంగళాలో అప్పయ్యగారు చేసిన పని ఇదే. ఇటువంటి చోట నిలబడి మాట్లాడితే వినేవాడూ వింటాడు.

నైసియా సభ గురించి పొడుగ్గా వ్రాయవలసిన పని లేదు. 325లో కాన్‌స్టాంటిన్ చక్రవర్తి వందలాది సువార్తలను కుప్పపోసి నాలుగింటిని ఎంపిక చేయించాడన్న కథకు ఆ సభ తీర్మానాల్లో ఆధారం లేదు. పుస్తకాల్లో మంచివి బల్ల మీద, చెడ్డవి బల్ల కింద మిగిలాయన్న ముచ్చట తొమ్మిదో శతాబ్దపు ఒక గ్రంథంలోది. సభ చర్చించినది ఈసా (అ) స్వభావం గురించి. నాలుగు సువార్తలను అంతకు నూటనలభై ఏళ్ళ ముందే ఇరేనియస్ లెక్కపెట్టాడు. ఇరవై ఏడు పుస్తకాల పట్టిక అథనాసియస్ లేఖలో 367లో కనబడుతుంది. ఫాసిఖ్ తెచ్చిన వార్తను విచారించి గాని నమ్మవద్దన్న హుజురాత్ సూరా ఆదేశం, మనకు నచ్చిన వార్తలకు మినహాయింపు ఇవ్వలేదు.

చివరిగా బర్నబా సువార్త. ముస్లింల వాదాల్లో దీనికి ఉన్న ఆదరణ మరి దేనికీ లేదు. అంతిమ ప్రవక్త (స) పేరు స్పష్టంగా చెప్పి, శిలువ సంఘటనను నిరాకరించే ప్రాచీన సువార్త దొరికిందంటే ఎవరికి సంతోషం కలగదు? మౌలానా మౌదూదీ ‘తఫ్హీముల్ ఖుర్ఆన్’లో సఫ్ సూరా ఆరో ఆయత్ వ్యాఖ్యలో దీన్ని దీర్ఘంగా సమర్థించారు. ఆయన పట్ల గౌరవం తగ్గించుకోకుండానే ఆ సమర్థనతో విభేదించవచ్చు. 1908లో రషీద్ రిజా ప్రచురించిన అరబీ అనువాదానికి అనువాదకుడైన ఖలీల్ సఆదా వ్రాసిన పీఠికలోనే సందేహాలున్నాయి. ఈజిప్టు రచయిత అబ్బాస్ మహ్మూద్ అల్ అఖ్ఖాద్ కూడా దీన్ని అనుమానించాడు.

ఈ గ్రంథానికి మిగిలిన పూర్తి ప్రతి ఇటాలియన్ భాషలోది, వియన్నాలో ఉంది. దాని కాగితం, కట్టుబడి పదహారో శతాబ్ది చివరివి. స్పానిష్ పాఠానికి పద్దెనిమిదో శతాబ్ది నకలు ఒకటి 1976లో సిడ్నీలో బయటపడింది. గ్రీకు, హెబ్రీ, అరమాయిక్ ప్రతి ఒక్కటీ లేదు. సీనాయి ప్రతిలో ఉన్నది ‘బర్నబా పత్రిక’ అనే వేరే గ్రంథం, దానికీ దీనికీ సంబంధం లేదు. ఈ రెండింటినీ కలిపివేసి “అత్యంత ప్రాచీన బైబిల్లోనే బర్నబా ఉంది” అనడం తప్పు. గ్రంథం లోపల యూదుల జూబిలీ నూరేళ్ళకొకసారి వస్తుందని ఉంది. తౌరాత్ ప్రకారం అది యాభయ్యో ఏట. నూరేళ్ళ జూబిలీ 1300లో పోపు బోనిఫేస్ ప్రకటించినది. ఓడలో నజరేతుకు చేరినట్లు ఉంది. నజరేతు కొండల్లోని ఊరు. కర్నూలుకు సముద్ర మార్గాన వచ్చానని ఎవరైనా చెబితే ఎంత నమ్ముతామో దీన్నీ అంతే నమ్మాలి.

ఇవన్నీ చరిత్రకారుల అభ్యంతరాలు. విశ్వాసికి అంతకంటే గట్టి అభ్యంతరాలున్నాయి. ఈ గ్రంథంలో ఈసా (అ) తాను మసీహ్ కానని, మసీహ్ తర్వాత వచ్చే ముహమ్మద్ (స) అని చెబుతాడు. ఖుర్ఆన్ పదకొండు సార్లు మసీహ్ అన్న బిరుదుతో పిలిచినది ఈసా (అ)ను. హజ్రత్ యహ్యా (అ) ఊసే ఈ గ్రంథంలో లేదు. ఆయన చేయవలసిన ప్రకటన ఈసా (అ) చేత చేయించారు. ఖుర్ఆన్‌లో ఆకాశాలు ఏడు, ఇక్కడ తొమ్మిది. వీటిని ‘చిన్న పాఠభేదాలు’ అని సర్దుకోదలచినవారు, లూకాలో అంతకంటే చిన్నవాటిని చూపి గ్రంథమంతా చెడిందన్నవారే.

ఈ పుస్తకాన్ని క్రైస్తవ మిత్రుడి చేతిలో పెట్టబోయే యువకుడు ముందుగా దాని మూడో అధ్యాయం చదవాలి. అందులో మర్యమ్ (అ) నొప్పులేమీ ఎరగకుండా బిడ్డను కంటుంది. ఆ పేజీ పక్కనే మర్యమ్ సూరా ఇరవై మూడో ఆయత్ తెరిచి పెట్టుకోవాలి. అక్కడ ఆ తల్లి ప్రసవవేదన తాళలేక ఖర్జూరపు చెట్టు మొదలును ఆసరా చేసుకుని, ఇంతకు ముందే చచ్చిపోయి ఉంటే బాగుండేదని వాపోతున్నది.